పై దేశపు కళాశాలలకు మన పిల్లల దరఖాస్తులు
కార్యకలాపముల పట్టిక వ్రాయు విధము - పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గత సెప్టెంబరు నెలలో ప్రచార కార్యక్రమముల పనిమీద ప్రకాశం జిల్లాలోని ఒక గ్రామ పంచాయతీ కార్యాలయమునకు పోయితిని. సర్పంచిగారు బల్లమీద ఒక కాగితము పెట్టుకొని, కళ్లజోడు తీసి తుడుచుచు, మరల పెట్టుకొనుచు కూర్చుండియున్నారు. అది ఇంగ్లీషున టైపు చేసిన కాగితము. ఆ గ్రామమునకు చెందిన ఒక విద్యార్థి రెండు సంవత్సరములుగా గ్రామమున వయోజన విద్యాకేంద్రము నడుపుచున్నాడనియు, 200 మంది పెద్దలకు చదువు నేర్పినాడనియు అందు వ్రాసియున్నది. క్రింద సర్పంచి సంతకమునకును, కార్యాలయపు ముద్రకును చోటు విడిచియున్నది.

"అబ్బాయి మంచివాడేనండీ. హైదరాబాదులో ఇంటరు చదువుతున్నాడు. అమెరికా కాలేజీలకి పంపడానికంట. వాళ్ల నాన్న పొద్దున్నే వచ్చి ఇచ్చిపోయాడు. కేంద్రం మాత్రం నేనెప్పుడూ చూళ్లేదు. ఏం చెయ్యమంటారు?" అని సర్పంచిగారు నన్నడిగినారు.

నేను బదులు చెప్పకముందే ఒక బాలిక లోపలికి వచ్చినది. ఆమె మండల కేంద్రములోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. ప్రతిదినము బస్సులో పోయి వచ్చును. అధ్యాపకురాలు ఒకరు ప్రోత్సహించగా ఆమెయు అట్టి దరఖాస్తునే పూర్తిచేయుచున్నది. చదువు, మార్కులు, తల్లిదండ్రుల వివరములు అన్నియు నింపినది. ఒక్క భాగము మాత్రము ఖాళీగా నున్నది. "కార్యకలాపాలు రాయమన్నారు పెదనాన్నా. నాకు రాయడానికేమీ లేదు. పొద్దునా సాయంత్రం పాలకేంద్రం దగ్గరే సరిపోతుంది" అని ఆమె సర్పంచిగారితో అన్నది.

చేయనిదానికి నిండు కాగితము. చేసినదానికి ఖాళీ కాగితము. ఆ రెండును ఒకే బల్లమీద చూచిన తరువాత ఈ సంగతి మన పంచాయతీ సభ్యులకు వివరముగా చెప్పుట అవసరమని తోచినది.

ముందుగా ఒక మాట. మన రాష్ట్రములలో ఇంజనీరింగు, వైద్యము మొదలగు చదువులకు ఇట్టి పట్టికతో పనిలేదు. ఈఏపీసెట్, జేఈఈ, నీట్ వంటి పరీక్షలలో వచ్చిన ర్యాంకే సీటును నిర్ణయించును. విద్యార్థి ఊరిలో ఏమి చేసినాడో ఆ పరీక్షలు అడుగవు. కాబట్టి ప్రతి ఇంటివారును ఈ కాగితము కొరకు పరుగెత్తవలసిన పనిలేదు. అమెరికా కళాశాలలలో డిగ్రీ చదువునకు ఇంటర్మీడియెట్ తరువాత దరఖాస్తు చేయువారిలో చాలమందికి ఇది అవసరము. మన దేశమున కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయములు కూడ ఇట్టి వివరములు అడుగుచున్నవి. ఎం.ఎస్. చదువునకు పోవువారు సైతము ఒక పేజీ రెజ్యుమె జతచేయుదురు; అయితే అందు కళాశాల ప్రాజెక్టులకు, ఉద్యోగానుభవమునకు ప్రాధాన్యము గనుక వారిని ఇచ్చట విడిచిపెట్టుచున్నాను.

అమెరికా కళాశాలలు మార్కులతో తృప్తిపడక ఈ వివరములన్నియు ఏల అడుగుచున్నవని కొందరు ప్రశ్నింతురు. దీని చరిత్ర అంత గౌరవప్రదమైనది కాదు. 1920 ప్రాంతమున హార్వర్డు విశ్వవిద్యాలయమున పరీక్షలలో నెగ్గి చేరుచున్న యూదు విద్యార్థుల సంఖ్య పెరిగినది. దానిని తగ్గింపవలెనని అప్పటి అధ్యక్షుడు లోవెల్ తలచినాడు. 1922లో దరఖాస్తుదారుని జాతి, మతము, తల్లి పుట్టింటి పేరు, తండ్రి పుట్టిన చోటు, కుటుంబము పేరు మార్చుకొన్నదా అను ప్రశ్నలు ప్రవేశపత్రములో చేరినవి. మార్కులు చాలవు, శీలమును నాయకత్వమును కూడ చూడవలెనను మాట అట్లు బలపడినది. కొందరిని వెలుపల ఉంచుటకు పుట్టిన ఏర్పాటిది. తరువాతి కాలమున ఇదే ఏర్పాటు, మార్కుల కాగితములో కనబడని పేదపిల్లల శ్రమను చూచుటకు కూడ కొంత ఉపయోగపడినది. 2016లో హార్వర్డు విద్యాశాస్త్ర విభాగము ప్రకటించిన ఒక నివేదిక, తమ్ములను చెల్లెండ్రను పెంచుట, కుటుంబము కొరకు పనిచేయుట మొదలగు బాధ్యతలకు ప్రవేశ నిర్ణయములో తగిన విలువ నీయవలెననియు, పనుల సంఖ్యకన్న వాని లోతు ముఖ్యమనియు కళాశాలలకు సూచించినది. అన్ని కళాశాలలు దానిని అక్షరాల పాటించుచున్నవని నేను చెప్పను.

ఇక పత్రము సంగతి. 1975లో 15 ప్రైవేటు కళాశాలలు కలిసి, విద్యార్థి ఒకే దరఖాస్తును అందరికి పంపుకొను ఏర్పాటొకటి చేసినవి. దాని పేరు కామన్ అప్లికేషన్. నేడు వేయికి పైగా కళాశాలలు అందు సభ్యులుగా నున్నవి. అంతయు కంప్యూటరు మీదనే జరుగును. ప్రతి సంవత్సరము ఆగస్టు 1వ తేదీన కొత్త పత్రము తెరచుదురు. ముందుగా నిర్ణయము కోరువారికి నవంబరు 1, తక్కినవారికి జనవరి మొదటి దినములు సాధారణముగా గడువు. కనుక మన కార్యాలయములకు ఈ పిల్లలు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చుదురు.

ఆ పత్రమున కార్యకలాపములకు పది గడులు కలవు. పదియు నింపవలెనను నియమము లేదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎం.ఐ.టి., తన సొంత దరఖాస్తులో నాలుగు మాత్రమే అడుగును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బహుమతులు, పనులు అన్నియు కలిపి ఇరువది వరకు వ్రాయనిచ్చును. కామన్ అప్లికేషన్ గడి ఒక్కొక్కదానిలో ముందు పని యొక్క తరగతిని ఎన్నుకొనవలెను: క్రీడలు, సంగీతము, సమాజసేవ, పరిశోధన ఇత్యాదులు. ఆ జాబితాలోనే "కుటుంబ బాధ్యతలు" అనియు, "వేతనముతో చేసిన పని" అనియు రెండు తరగతులు గలవు. మన గ్రామముల పిల్లలలో చాలమందికి ఈ రెండు మాటలు కనబడనే కనబడవు. కనబడినను, అవి తమకొరకు ఉన్నవని తోచదు.

తరువాత, ఆ పనిలో విద్యార్థి స్థానము వ్రాయుటకు 50 అక్షరములు. సంస్థ పేరునకు 100. చేసిన పనిని వర్ణించుటకు 150. ఖాళీలును, విరామచిహ్నములును ఈ లెక్కలో చేరును. పని చేసినది ఏ తరగతులలో అను ప్రశ్న ఉండును. అచ్చటి 9 నుండి 12 వరకు తరగతులనగా మన తొమ్మిది, పది, ఇంటరు రెండు సంవత్సరములు. వారమునకు ఎన్ని గంటలు, సంవత్సరమునకు ఎన్ని వారములు అని కూడ వ్రాయవలెను. బహుమతులకు వేరుగా ఐదు గడులున్నవి. అవి పాఠశాల స్థాయివా, రాష్ట్ర లేక ప్రాంతీయ స్థాయివా, జాతీయమా, అంతర్జాతీయమా అని గుర్తుపెట్టవలెను. మండల స్థాయికి ప్రత్యేకముగా గడి లేదు. అంతమాత్రమున మండల వక్తృత్వపోటీ బహుమతిని జాతీయమని గుర్తుపెట్టరాదు.

నూటయేబది అక్షరములనగా ఇంగ్లీషున ఇరువది, ఇరువదియైదు మాటలు. ఇచ్చట మన పిల్లలకు ఒక చిక్కు కలదు. తెలుగు వాక్యమున క్రియ చివర వచ్చును. ఆ అలవాటుతో ఇంగ్లీషు వ్రాయునపుడు పీఠిక ముందు పెట్టుదురు: "మా గ్రామములోని పాలకేంద్రమున నేను మా అమ్మగారికి..." అనుసరికి సగము చోటు అయిపోవును, చేసిన పని ఇంకను రాదు. అక్కడివారు క్రియతోనే వాక్యమును మొదలుపెట్టుదురు. "నేను" అను మాటయే వ్రాయరు. పరీక్షించితిని, లెక్కకట్టితిని, నేర్పితిని, మరమ్మతు చేసితిని అని పని ముందు వచ్చును. ఎంత, ఎందరికి అను అంకె వెంటనే వచ్చును. దానివలన ఏమి మారినదో చివర వచ్చును. ఇప్పటికిని చేయుచున్న పనికి వర్తమానకాలము, ముగిసినదానికి భూతకాలము వాడవలెను.

ఆ పాలకేంద్రము బాలికతో ఆనాడు కార్యాలయములోనే కూర్చుంటిమి. ఆమె మొదట వ్రాసినది ఒక్క వాక్యము: అమ్మకు పాల పనిలో సాయము చేయుచున్నాను.

"ఏం సాయం చేస్తావమ్మా?" అని అడిగితిని.

"ఏముందండీ, పాలు పోయించుకుంటాం. శాంపిలు తీసి మిషన్లో పెడతా. ఫ్యాటెంతొస్తే అంత పుస్తకంలో రాస్తా. పదైదు రోజులకోసారి డబ్బులు కట్టి చెప్తా."

"ఎన్ని ఇళ్లవాళ్లు పోస్తారు?"

"అరవై నాలుగు."

అప్పుడు సర్పంచిగారు కలుగజేసికొని, "ఆ నల్లబల్ల సంగతి చెప్పవేం?" అన్నారు. విషయమేమనగా, మునుపు వెన్నశాతము యంత్రములో ఎంత వచ్చినదో పాలు పోసినవారికి సరిగా తెలిసెడిది కాదు. పదిహేను దినముల తరువాత డబ్బు చేతికి వచ్చినపుడు తక్కువైనదని తగాదాలు జరుగుచుండెడివి. అందు రెండు పంచాయతీ వరకు వచ్చినవట. ఈ బాలిక పదవ తరగతిలో నున్నపుడు, బడిలో తీసివేసిన నల్లబల్ల నొకదానిని అడిగి తెచ్చి, కేంద్రపు గోడకు తగిలించి, పూటపూటకు ఎవరి పాలకు ఎంత శాతము వచ్చినదో సుద్దతో వ్రాయుట మొదలుపెట్టినది. ఆ తగాదాలు చాలవరకు ఆగిపోయినవి. ఇది కార్యకలాపమని ఆమెకు తోచనే లేదు.

చివరకు ఆ గడి ఇట్లు తయారైనది. తరగతి: కుటుంబ బాధ్యతలు. స్థానము: పాల పరీక్ష, లెక్కల నిర్వహణ. వర్ణన: "64 ఇండ్ల పాలకు వెన్నశాతము పరీక్షించి, లీటర్లు నమోదుచేసి, 15 దినములకొకసారి లెక్కకట్టుచున్నాను, శాతమును నల్లబల్లపై వ్రాయుట మొదలుపెట్టగా చెల్లింపు తగాదాలు తగ్గినవి." దీనిని ఇంగ్లీషున పెట్టినపుడు 150 లోపుననే వచ్చినది.

గంటల దగ్గర మరల చర్చ జరిగినది. ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట, వారమునకు 14 గంటలు. పాలకేంద్రమునకు ఆదివారము లేదు, పండుగ లేదు. సంవత్సరమునకు 52 వారములని వ్రాయబోయినది. పరీక్షల ముందు ఎవరు చూచెదరని అడుగగా, నాలుగు వారములు చెల్లెలు చూచునని చెప్పినది. అప్పుడు 48 అని వ్రాసినాము. ఈ నాలుగు వారములు తగ్గించుట వలన ఆమెకు నష్టమేమియు లేదు. లెక్క తెలిసినవారు వ్రాసిన కాగితమని చదువువారికి తెలియును.

వారమునకు ఉన్నవి 168 గంటలు. ఇది మరచి వ్రాసిన పట్టికలు నేను చూచితిని. ఒకదానిలో పది పనులకు ఒక్కొక్కదానికి ఇరువదేసి గంటలు వేసినారు. ఆ విద్యార్థి నిద్రపోవుటకును, కళాశాలకు పోవుటకును దేవుడు ప్రత్యేకముగా మరియొక వారమును సృష్టించియుండవలెను.

ఈ బాలికకు పాలకేంద్రముగాక మరి రెండు పనులు తేలినవి. చూపు మందగించిన నాయనమ్మకు మందుల చీటీలు చదివి వేళకు మందులు ఇచ్చుట యొకటి. పాఠశాలలో ఖోఖో జట్టు నడుపుట యొకటి. మూడే గడులు నిండినవి. తక్కిన ఏడును ఖాళీగా విడిచినాము. అన్నిటికన్న ముఖ్యమైనది మొదట రావలెను. ఆమె విషయమున పాలకేంద్రమే మొదటిది, ఖోఖో మూడవది.

కొన్ని కళాశాలలు, విద్యార్థివేతనములిచ్చు సంస్థలు ఈ గడులుగాక వేరుగా ఒక పేజీ రెజ్యుమె అడుగును. మనవారికి పొరపాటు ఎక్కువగా జరుగునది ఇచ్చటనే. నేను పట్టభద్రుడనై ఉద్యోగమునకు దరఖాస్తు చేసిన రోజులలో బయోడేటా అను కాగితమొకటి వ్రాసెడివారము. పైన ఫోటో, తండ్రిపేరు, పుట్టినతేది, కులము, మతము, వివాహితుడా కాడా, చివర "పై వివరములు నిజమని ఇందుమూలముగా ప్రకటించుచున్నాను" అని సంతకము. ఆ కాగితమునే నేటికిని పిల్లలచేత వ్రాయించుచున్నారు. అమెరికా కళాశాలకు పంపు రెజ్యుమెలో వీనిలో ఒక్కటియు అక్కరలేదు. ఫోటో పెట్టరాదు; కులము, మతము వ్రాయరాదు; ఆధారు, పాస్‌పోర్టు అంకెలు ఎంతమాత్రము వ్రాయరాదు. పైన పేరు, ఊరు, ఫోను, ఈమెయిలు చాలును. తరువాత చదువు: పాఠశాల పేరు, ఊరు, మార్కులు. తరువాత పనులు: ప్రతిదానికి స్థానము, సంస్థ, ఊరు ఒక వరుసలో; ఏ నెలనుండి ఏ నెలవరకు అనునది ఆ వరుస చివర కుడివైపున; క్రింద ఒకటి రెండు పంక్తుల వర్ణన. చివర బహుమతులు, వచ్చిన భాషలు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు వచ్చిన పిల్లవానికి మూడు భాషలు వచ్చునని వ్రాయుట మనవారు మరచిపోవుదురు. అది తక్కువ సంగతి కాదు.

రంగులు, గీతలు, పువ్వుల అంచులు వలదు. అక్షరములు సాదాగా, చదువుటకు వీలగు పరిమాణమున, నాలుగు వైపుల అంగుళము చొప్పున ఖాళీతో ఒక్క పేజీలో అమరవలెను. తేదీలు ఒకచోట నెలపేరుతో, మరియొకచోట అంకెలతో వ్రాయరాదు. మన అంకెల తేదీలో ముందు దినము, వారిదానిలో ముందు నెల వచ్చును. కనుక నెలను అక్షరములలో వ్రాయుటయే క్షేమము. లక్షలు, కోట్లు వారికి తెలియవు. డ్వాక్రా, ఎన్.ఎస్.ఎస్., సర్పంచి అను మాటలును తెలియవు. మహిళల పొదుపు సంఘము, జాతీయ సేవా పథకము, గ్రామమున ఎన్నికైన అధ్యక్షుడు అని విడమరచి వ్రాయవలెను. మహిళా సంఘము పుస్తకములు వ్రాయు పిల్లలు మన గ్రామములలో ఎందరో కలరు. తల్లులకు అక్షరములు రానిచోట తీర్మానములు, అప్పుల వాయిదాలు, వడ్డీలు వ్రాయునది ఈ పిల్లలే. పట్టికలో ఆ సంగతి ఎచ్చటను కనబడదు.

ఇక దొంగ కాగితముల సంగతి. పట్టణములలో కొన్ని కన్సల్టెన్సీలు డబ్బు పుచ్చుకొని కార్యకలాపములను "తయారుచేసి" ఇచ్చుచున్నవి. లేని సంఘమునకు అధ్యక్షుని చేయుట, ఒకదినము మొక్కలు నాటి ఫోటో తీసికొని రెండేండ్ల ఉద్యమమని వ్రాయుట వారి పనితనము. ఈ రోగము మనకు మాత్రమే పరిమితము కాదు. 2019 మార్చిలో అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు పెద్ద కుంభకోణము నొకదానిని బయటపెట్టినారు. సింగర్ అను మధ్యవర్తి, ధనవంతుల పిల్లలను ఎన్నడు ఆడని ఆటలలో ఆటగాండ్రుగా చూపి, ఫోటోలు కూడ మార్పించి పేరొందిన విశ్వవిద్యాలయములలో ప్రవేశపెట్టించినాడు. 2023 జనవరిలో అతనికి మూడున్నర సంవత్సరముల జైలుశిక్ష పడినది. పిల్లలను పంపిన తలిదండ్రులు అనేకులు జైలుకు పోయిరి. 2024లో అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థి యొకడు మార్కుల పత్రములను, ఆదాయ పత్రములను, చివరకు బ్రతికియున్న తండ్రి మరణించినట్లు మరణ ధ్రువపత్రమును సైతము కల్పించి సీటు, ఆర్థిక సహాయము సంపాదించినట్లు బయటపడినది. అతనిని కళాశాల నుండి తొలగించినారు. తిరిగి స్వదేశమునకు రావలసివచ్చినది. మన గ్రామములలో జనన మరణముల నమోదు పంచాయతీ కార్యాలయమునకు చెందిన పని గనుక ఈ వార్త మనము రెండుసార్లు చదువదగినది.

కామన్ అప్లికేషనుకు ప్రతి పనికిని సర్టిఫికెట్టు జతచేయవలసిన పనిలేదు. గెజిటెడు అధికారి ముద్రలతో ఇరువది కాగితములు పంపినను వానిని చూచువారుండరు. విద్యార్థియే నిజమని సంతకము చేయును. అబద్ధమని తేలినచో ప్రవేశమును ఎప్పుడైనను రద్దుచేయుదురు. అయితే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము కొందరు దరఖాస్తుదారులను లాటరీ పద్ధతిగా ఎన్నుకొని, వ్రాసిన పనికి రుజువు చూపుమని కోరును. అట్టి సమయమున బాలిక తరఫున చూపదగిన కాగితము పంచాయతీ వ్రాసిన ఉత్తరమే. దరఖాస్తుతోపాటు సిఫారసు లేఖ వ్రాయు అధ్యాపకునికి కూడ ఇది ఆధారము. పట్టణపు అధ్యాపకునికి ఊరిలో ఉదయము ఐదున్నరకు జరుగునది ఎట్లు తెలియును?

ఆ ఉత్తరమునకు మన అలవాటు మాటలు పనికిరావు. "సత్ప్రవర్తన గలవాడు, కష్టపడు స్వభావము గలవాడు, ఉజ్జ్వల భవిష్యత్తు కలుగవలెనని కోరుచున్నాను" అను ఉత్తరములో సమాచార మేమియు లేదు. ఊరిలో అందరికిని అదే వ్రాయవచ్చును. ఏ పని, ఎచ్చట, ఏ నెలనుండి, వారమునకు సుమారు ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో, వ్రాయువారికి ఆ సంగతి ఎట్లు తెలిసినది అనునవి వ్రాయవలెను. కన్నులార చూచినదానిని చూచితినని, ఇతరులు చెప్పినదానిని ఫలానావారు చెప్పిరని వ్రాయవలెను. ఇంగ్లీషు రాకున్న తెలుగున వ్రాసి, అధ్యాపకునిచేత అనువాదము చేయించి రెండును కలిపి ఇయ్యవచ్చును. తేదీ, అంకె వేసి ఒక ప్రతిని కార్యాలయమున ఉంచుకొనుట మరువరాదు. ఎవరో టైపుచేసి తెచ్చినదానిపై సంతకము చేయుటకన్న స్వయముగా నాలుగు పంక్తులు వ్రాయుట మేలు.

ఇంకొక సంగతి. 14 సంవత్సరములు నిండని పిల్లలను పనిలో పెట్టుట 1986 నాటి చట్టము, దానికి 2016లో చేసిన సవరణ ప్రకారము నిషిద్ధము. బడివేళల తరువాతను, సెలవులలోను కుటుంబపు పనిలో, అదియు ప్రమాదకరము కానిదానిలో సాయపడుటకు మాత్రము మినహాయింపు కలదు. కుటుంబ బాధ్యతకు విలువ ఉన్నదని విని, బడి మాన్పించి చేయించిన పనికి పంచాయతీ ఉత్తరము వ్రాయరాదు. పిల్ల కళాశాల మాని పాలకేంద్రమున కూర్చున్నచో అది తల్లిదండ్రులతో మాట్లాడవలసిన విషయము.

ఇంత శ్రమ పడుట వలన ఫలమేమని అడుగవచ్చును. హార్వర్డు, యేల్, ప్రిన్స్టన్, ఎం.ఐ.టి., ఆమ్హెర్స్ట్ మొదలగు కొద్ది విద్యాసంస్థలు విదేశీ విద్యార్థుల విషయమున సైతము కుటుంబ ఆదాయమును చూడక ప్రవేశము నిర్ణయించి, ప్రవేశము లభించినవారికి వారి కుటుంబము పెట్టుకొనలేని ఖర్చును తామే భరించును. అచ్చట సీటు దొరుకుట కష్టము. నూరు దరఖాస్తులలో పదింటికి లోపుగనే అంగీకరింతురు. మార్కులు బాగుగా లేనిచో ఏ పట్టికయు రక్షింపదు. దొరకనిచో మన దేశమునందే చదువుకొనుటకు ఈఏపీసెట్ దారి ఎప్పుడును ఉన్నది, దానికి సిద్ధపడుట మానరాదని ఆ బాలికకు కూడ చెప్పితిని. కాని దొరికిన పక్షమున పాలకేంద్రము నడుపు కుటుంబము భూమి అమ్మనక్కరలేదు, బ్యాంకునకు పోనక్కరలేదు. అట్టి అవకాశమునకు దరఖాస్తు చేయు పిల్ల, తాను చేసినది పని కాదనుకొని ఆ గడిని ఖాళీగా పంపియుండెడిది.

ఆ సాయంత్రము సర్పంచిగారు హైదరాబాదులోని విద్యార్థికి ఫోను చేసినారు. మొదట అబ్బాయి ఏదో సర్దిచెప్పబోయినాడు. "ఒరే అబ్బాయీ, సంతకం పెట్టేది నేను. నువ్వు నిజంగా ఎవరికైనా ఏమైనా నేర్పావా, లేదా? అదొక్కటీ చెప్పు" అని అడుగగా, కొంత తడవు మాటలేదు. తరువాత, పదవ తరగతి అయిన వేసవిలో తాతకును, ఎదురింటి ఇద్దరు ముసలివారికిని సంతకము చేయుట, పింఛను పుస్తకములో అంకెలు చదువుట నేర్పినానని చెప్పినాడు. సర్పంచిగారు ఆ ముగ్గురిలో ఒకరిని పిలిపించి అడిగినారు. నిజమే. ఆ ముసలమ్మ అక్కడనే ఒక కాగితముపై తన పేరు వ్రాసి చూపినది. చివరి అక్షరము కొంచెము వంకర పోయినది.

టైపు కాగితమును మడచి ప్రక్కకు పెట్టి, సర్పంచిగారు కార్యాలయపు తెల్లకాగితముపై తెలుగున వ్రాయ నారంభించినారు. ఏ వేసవి, ఎన్ని వారములు, ఎవరి అరుగుమీద అని వరుసగా వ్రాసికొనిపోయి ఒకచోట ఆగినారు.

"ముగ్గురు అని అంకె వెయ్యనా, అక్షరాల్లో రాయనా?"

రెండు విధములుగను వ్రాయుడని చెప్పితిని.